పొట్టేలు తలకి హెల్మెట్

సెప్టెంబర్ 2, సోమవారం. సాయంత్రం

నర్సు సైకాల్ రాయమంది. తల ఎలా ఉంది, నిద్ర పట్టిందా, ఏది చూస్తే కడుపులో తిప్పుతోంది, అన్నీ రోజూ ఒక పుస్తకంలో రాసుకో బాబాయ్ అంది. నీది నిజం దెబ్బ అయితే రాస్తూ ఉంటావు, వేషమైతే మూడో రోజుకి విసుగొచ్చి మానేస్తావు, నాకూ తేలిపోతుంది అని కూడా అంది. వాంతులు మొదలైనా, నొప్పి పెరిగినా వెంటనే కబురు పెట్టమంది.

ఎనిమిదో తరగతితో బడికి సలాం కొట్టిన వాడికి ఇదొక శిక్ష. మా అమ్మాయి వదిలేసిన భూగోళం నోటుబుక్కు దొరికింది. ముందు పేజీల్లో ఆఫ్రికా ఉంది. వెనక పేజీల్లో నేను.

సైకాల్‌ని తప్పు పట్టలేను. రెండేళ్ల క్రితం ఆమె ఆసుపత్రి గుమ్మంలో నోట్లో సబ్బు నురగ పెట్టుకుని మూర్ఛ వచ్చినట్టు పడ్డాను. పాపం సూది పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. లేచి కూర్చుని టీ ఉందా అని అడిగాను.

శుక్రవారం సంగతి రాయాలి. శుక్రవారం నాకు లేదు. పొద్దున పొట్టేలుకి మేత వేసినట్టు గుర్తుంది. ఆ తర్వాత మా ఇంటి పైకప్పు. మధ్యలోది ఎవరో కత్తెరతో కోసుకుపోయారు.

జనం చెప్పేది ఇది. ఊరి చివర మైదానంలో ఉలక్ ప్రాక్టీసు, గుర్రాల మీద మేక కళేబరం కోసం పెనుగులాడే ఆట. అక్టోబర్ 12కి జుమాదిల్ అన్న పోయి ఏడాది నిండుతుంది. ఆ రోజు ఆయన పేరు మీద ఆశ్ విందు, విందుకి మూడు ఊళ్లు వస్తాయి, ఉలక్ ఆట జరుగుతుంది. మా జట్టుకి కెప్టెన్ నా బావమరిది కుబాత్. ప్రాక్టీసుకి నేను నా పొట్టేల్ని తోలుకెళ్లానట. నా హెల్మెట్, అదే పాత టాంకు సిపాయిల దూది హెల్మెట్, దాని తలకి తగిలించి గడ్డం కింద బకిల్ పెట్టి, ఇదిగో మన కొత్త ఆటగాడు అంటూ మైదానం చుట్టూ తిప్పానట. జనం పొట్ట చేత పట్టుకుని నవ్వారట. అంతలో కుబాత్ పిలిచాడట, నేను నెత్తిమీది కల్పాక్ టోపీతోనే గుర్రం ఎక్కానట. మేక కళేబరం లాక్కోవడానికి కిందికి వంగినప్పుడు రెండు గుర్రాలు గుద్దుకున్నాయి. నేను నేల మీద పడ్డాను. తగిలింది ఎవరి మోకాలో, ఏ గుర్రం డెక్కో తెలియదు.

మా ఇంటి నుంచి వెళ్లిన ఇద్దరిలో హెల్మెట్ పెట్టుకున్నది పొట్టేలు.

సెప్టెంబర్ 3. ఉదయం 11

కిటికీకి దుప్పటి కట్టుకున్నాను. వెలుతురు కళ్లలోంచి దూరి మెడలో దిగుతోంది. పక్కింటి ట్రాక్టరు నా పుర్రెలోనే తిరుగుతోంది.

మా ఆవిడ అనార్‌కుల్ చీకటితోనే బీన్స్ చేనుకి పోయింది. మంచు తడి ఉండగానే మొక్కలు పీకాలి, ఎండెక్కితే కాయ పగిలి గింజ రాలిపోతుంది. ఈ నెలలో తలాస్ లోయలో కాళ్లున్న ప్రతి మనిషీ చేలోనే ఉంటాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి అంది: ఏటా బీన్స్ కోతకి నీకేదో ఒకటి వస్తుంది. అంతకు ముందేడు కల వచ్చింది. పోయినేడు నడుము. ఈ ఏడు తల. వచ్చే ఏడు ఏది పెట్టుకున్నావో ఇప్పుడే చెప్పు, నేను వేరే మనిషిని చూసుకుంటాను.

చేలో అడుగు పెడితే పాము కరుస్తుందని మా నాన్న కలలోకి వచ్చి చెప్పాడని నాలుగు రోజులు ఇంట్లో పడుకున్న మాట నిజం. నడుము సంగతి కూడా నిజమే. అంటే అబద్ధమే.

సెప్టెంబర్ 4

ఈసారి అబద్ధం ఆడటం లేదు.

సెప్టెంబర్ 5. మధ్యాహ్నం

బత్మా ముసలమ్మని పిలిపించారు. అనార్‌కుల్‌కి పెద్దమ్మ వరస. లోయలో సగం తలలు ఆమె చేతిలో బాగుపడ్డవేనట. తల కదిలితే దాన్ని మళ్లీ చోటులో కూర్చోబెట్టాలి, మందులతో కూర్చుంటుందా అంటుంది. నూలు దారం తీసి నా నుదుటి చుట్టూ కొలిచింది, బొగ్గుతో గుర్తులు పెట్టింది, దారం మడిచి అనార్‌కుల్‌కి చూపించింది. మెదడు ఎడమవైపుకి రెండు వేళ్లు జరిగిందట. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉందేమో చూడు పెద్దమ్మా అన్నాను. నోరు మూసుకో, నోరు కదిలితే మెదడూ కదులుతుంది అంది.

తర్వాత జల్లెడ. పిండి జల్లించే చెక్క జల్లెడ అంచు నా పళ్ల మధ్య పెట్టి గట్టిగా కరవమంది. అవతలి అంచు మీద పిడికిలితో కొడుతుంది. కొత్తేమీ కాదు. మా తాత కరిచాడు, మా నాన్న కరిచాడు, గాడిద మీంచి పడ్డప్పుడు చిన్నతనంలో నేనూ కరిచాను. మొదటి దెబ్బకి పళ్లు జివ్వుమన్నాయి. రెండో దెబ్బకి గది గిర్రున తిరిగింది. మూడో దెబ్బకి జల్లెడలోనే కక్కాను.

ముసలమ్మకి సంతోషం కలిగింది. చెడంతా బయటికి వస్తోంది అంది.

చెడు ఆ తర్వాత ఇంకో మూడు సార్లు వచ్చింది. ఏం మింగావు, మళ్లీ సబ్బేనా అంది అనార్‌కుల్. తిట్టులాగే అంది గానీ గొంతు సన్నగా ఉంది.

సెప్టెంబర్ 7. సాయంత్రం 4

మొన్న రాత్రీ నిన్నా పట్నంలో. అందుకే రాయలేదు.

అనార్‌కుల్ కబురు పెడితే సైకాల్ పరుగెత్తుకొచ్చింది. జల్లెడ చూసి ముసలమ్మని ఏమీ అనలేదు, జల్లెడని మాత్రం తీసి బయట పెట్టింది. టార్చిలైటు నా కళ్లలో వేసి అడిగింది. నీ పేరేంటి? పొట్టేలు అన్నాను. ఎక్కడున్నావు? ఆఫ్రికాలో అన్నాను. టార్చి ఆపేసి నా పక్కన కూర్చుంది. బాబాయ్, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వేళాకోళం లేకుండా చెప్పు, నీ ఎకసెక్కాల వెనక నీ జబ్బు ఎక్కడ దాక్కుందో నాకు కనపడటం లేదు అంది. ఇవాళ ఏ వారం?

చెప్పబోయాను. లేదు. నాలుక సిద్ధంగా ఉంది, మాట రాలేదు. వారాలన్నీ తెలుసు, వరసగా చెప్పగలను, కానీ ఇవాళ్టిది ఏదో నాకు దొరకలేదు. సైకాల్ నా మొహం చూసింది. పది నిమిషాల్లో కుబాత్ కారులో ఉన్నాం.

పట్నంలో తలకి ఫోటో తీశారు. లోపల రక్తం లేదు. అయితే ఏమీ లేదన్నమాట అన్నాను. తిరిగొచ్చేటప్పుడు సైకాల్ చెప్పింది. గుర్రప్పాల కుమిస్ తోలుతిత్తిని గుర్రం మీద కట్టి దౌడు తీయించు బాబాయ్. తిత్తికి చిల్లు పడదు, కుట్టు ఊడదు. లోపల పాలు మాత్రం గిలకొట్టుకుపోతాయి. ఫోటోలో తిత్తి కనపడుతుంది, లోపలి కుదుపు కనపడదు.

ఇక మొదలుపెట్టింది. రెండు రోజులు ఊరికే ఉండు. ఫోను వద్దు, టీవీ వద్దు, వోడ్కా అసలు వద్దు, కారు తోలొద్దు, జల్లెడ జోలికి పోవద్దు. నిద్ర వస్తే పడుకో. తర్వాత మెల్లగా నడక, ఇంటి పని, అది పడితే గుర్రం మీద కూర్చుని నడక, ఆ తర్వాత దౌడు, అన్నిటికన్నా ఆఖరున ఆట. ఏ మెట్టు మీద తల నొప్పి పెడితే అక్కడి నుంచి ఒక మెట్టు దిగిపోవాలి. మళ్లీ వాంతులు మొదలైనా, మాట తడబడినా, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదైనా, చెయ్యి పట్టు తప్పినా, లేపితే లేవకపోయినా తిన్నగా పట్నానికి పోవాలి, బత్మా అమ్మమ్మ ఇంటికి కాదు.

అక్టోబర్ 12కి ఆడతానా అని అడిగాను.

చెప్పలేను అంది. ఆ పిల్ల అబద్ధం ఆడదు, అదే కష్టం.

సెప్టెంబర్ 10

తుర్దకున్‌కి, అంటే నాకు, శుక్రవారం లేదన్న సంగతి ఊరికి తెలిసిపోయింది. ముప్పై ఏళ్ల కసి తీర్చుకుంటున్నారు.

బడి వాచ్‌మన్ వచ్చి, శుక్రవారం నువ్వు నన్ను కావలించుకుని ఏడ్చావు, చేసినవన్నీ క్షమించమన్నావు అన్నాడు. పోస్టాఫీసు ఆవిడ, నా గేటుకి నీలం రంగు వేస్తానన్నావు, బ్రష్షు తెచ్చాను అంది. బ్రష్షు నిజంగానే తెచ్చింది. ఇక కుబాత్. బావా, నేల మీద పడి ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని పొట్టేల్ని నాకిచ్చేశావు, నలుగురు విన్నారు అన్నాడు. ఆ నలుగురినీ అడిగాను. అవునన్నారు. నలుగురూ నా చేతిలో నవ్వులపాలైన వాళ్లే.

ఇది నేను కనిపెట్టాల్సిన వేళాకోళం. ఇంత మంచిది నాకు ఒక్కసారీ తట్టలేదు. నవ్వు రావాలి. నవ్వితే తల పగులుతోంది.

పొట్టేల్ని ఇవ్వను.

సెప్టెంబర్ 13

పొద్దున టీ గిన్నె గోడకేసి కొట్టాను. టీ చల్లారిందని. అనార్‌కుల్ ముక్కలు ఏరుతుంటే నాకు ఏడుపొచ్చింది. నలభై ఏడేళ్లవాణ్ణి, గిన్నె పగిలిందని ఏడుస్తున్నాను. ఎందుకో నాకే తెలియదు. సైకాల్ చెప్పింది, కోపం, ఏడుపు, విసుగు, ఇవీ దెబ్బలోవేనట. దెబ్బ తలలోనే ఉంటుందనుకున్నాను.

మధ్యాహ్నం పక్కింటి ఒస్మోన్ గాడిద బండి గుమ్మడికాయలతో సహా కాలవలోకి దిగింది. కాయలు తేలుతూ పోతున్నాయి, ఒస్మోన్ వాటి వెంట పడ్డాడు, ప్యాంటు జారిపోయింది, ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో గుమ్మడికాయ. ఊరంతా గట్టు మీదే. అనార్‌కుల్ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. చూడు చూడు అంది. చూశాను. ఎండగా ఉంది, ఇంటికి పోదాం అన్నాను.

ఆమె కాలవ వంక చూడటం మానేసింది. నా వంకే చూసింది.

ఇంటికొచ్చాక బీన్స్ దుమ్ము చేతులతోనే మొహం కప్పుకుని కూర్చుంది. ఒస్మోన్ ప్యాంటు ఊడితే నువ్వు నవ్వలేదు, అయ్యో, అంటే ఇది నిజమే అంది. ఆ జల్లెడ కూడా నేనే తెప్పించాను కదా అంది.

రెండు వారాలు మొత్తుకున్నాను, నమ్మలేదు. నవ్వకపోతే నమ్మింది.

సెప్టెంబర్ 16. సాయంత్రం

జుమాదిల్ అన్న భార్య బూరుల్ వదిన వచ్చింది. నూనెలో వేయించిన పిండి బూరుసోకులు వేడివేడిగా తెచ్చింది. అన్న గుర్రం కాష్కా గురించి చెప్పింది. ఏడాదిగా దాని మీద ఎవర్నీ ఎక్కనివ్వలేదు తమ్ముడూ, ఆశ్ నాడు నువ్వు ఎక్కాలి, ఆ నుదుటి తెల్లమచ్చ మైదానంలోకి వస్తుంటే చూడాలి, ఆయన వస్తున్నట్టే ఉంటుంది అంది. సరే వదినా అన్నాను. వేరే ఏమనను?

కుబాత్ కూడా ఉన్నాడు. తల తల అని గోల చేస్తావేం బావా, లోయలో తల పగలని మొగాడెవడు, నాకు నాలుగు సార్లు పగిలింది, నేను బాగా లేనా అన్నాడు.

అంత చక్కటి అవకాశం కాళ్ల దగ్గరికి వచ్చి పడింది. మామూలు రోజుల్లో అయితే ఆ మాటతో వాణ్ణి చలికాలమంతా ఏడిపించేవాణ్ణి. అలసిపోయి ఊరుకున్నాను.

సెప్టెంబర్ 18. మధ్యాహ్నం 2

కాష్కా మీద ఎక్కాను. ఎవరికీ చెప్పలేదు. నడిపిస్తే బాగానే ఉంది. దౌడు తీయించాను. వంద అడుగులు పోయామో లేదో కాలవ నా కుడివైపు నుంచి ఎడమవైపుకి వచ్చేసింది. కొండలు కిందికి జారాయి. జూలు పట్టుకుని దిగి గడ్డిలో కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. కాష్కా నా టోపీ నమిలింది.

సెప్టెంబర్ 19

మళ్లీ దుప్పటి కట్టుకున్నాను. అనార్‌కుల్ వెళ్లి సైకాల్‌కి చెప్పేసింది.

సైకాల్ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అందుకే భయం వేసింది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే అది ఇంకో దెబ్బ కాదు బాబాయ్, చాలా అరుదు, కానీ మెదడు ఒక్కసారిగా వాచిపోయిందంటే పట్నం దాకా కూడా తీసుకెళ్లలేను అంది. పెద్ద దెబ్బే అక్కర్లేదు, గుర్రం భుజం తగిలినా చాలట. హెల్మెట్ పెట్టుకుంటాను అన్నాను. హెల్మెట్ పుర్రెని కాస్తుంది, లోపలి కుదుపుని ఆపలేదు, పెట్టుకో, తప్పకుండా పెట్టుకో, కానీ దాన్ని నమ్ముకుని మానని తలతో పోకు అంది.

ఆశ్‌కి నేను గుర్రం ఎక్కకపోతే మూడు ఊళ్లూ పిరికివాడంటాయి అన్నాను.

నిన్ను ఎవరూ ఎప్పుడూ పిరికివాడు అనలేదు, అబద్ధాలకోరు అన్నారు, ఆ మరక పోవడానికి గుర్రం పనికిరాదు అంది.

కిటికీ దుప్పటి సర్ది వెళ్లిపోయింది. ఈ పిల్ల చిన్నప్పుడు తన బడి సంచిలో కప్పని పెట్టాను. అప్పుడు కూడా అరవలేదు.

సెప్టెంబర్ 24

వంతెన దాకా నడిచి వచ్చాను. తల ఏమీ అనలేదు.

సెప్టెంబర్ 28. రాత్రి భోజనానికి ముందు

చేలోకి వెళ్లాను. నా అంతట నేను. ఎండిన కాయల కుప్ప పక్కన గొడుగు కింద కూర్చోబెట్టి పుల్లలు ఏరమన్నారు, ఆడపిల్లలకిచ్చే పని. గంటకోసారి పడుకున్నాను. అంత సంతోషంగా బీన్స్ పని ఎప్పుడూ చేయలేదు, ఈ మాట ఇంట్లో చెప్పకూడదు.

అనార్‌కుల్ అటు తిరిగినప్పుడు ఆమె టీలో ఒక బీన్ గింజ వేశాను. తాగుతూ తాగుతూ పళ్ల కింద పడింది. తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. ఏడుపు మొదలుపెట్టింది. పక్క చేలోవాళ్లు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, నా మొగుడు నా టీలో గింజ వేశాడు అని చెప్పి ఇంకా ఏడ్చింది. వాళ్లు నన్ను చూసిన చూపు!

నేను నవ్వాను. తల పగల్లేదు.

అక్టోబర్ 4

సైకాల్ ఒప్పుకుంది, గుర్రం మీద నడక వరకు. మూడు రోజులుగా నడిపిస్తున్నాను, బాగుంది. ఇవాళ కొంచెం దౌడు. పడిపోలేదు, కొండలు వాటి చోటే ఉన్నాయి. కానీ సాయంత్రానికి చెవుల వెనక బరువు మొదలైంది. చెప్పకుండా దాచుదామనుకున్నాను. పుస్తకంలో రాసేశాక దాచడం కుదరటం లేదు. ఒక మెట్టు దిగాలి.

ఇంకా ఎనిమిది రోజులు. తుర్దకున్, మూడు మెట్లున్నాయి.

అక్టోబర్ 7

ఎక్కేస్తాను. ఎవరికీ చెప్పను. ఒక్క పూటే కదా.

అక్టోబర్ 8

నిన్న రాసింది చదివాను. దాన్ని రాసినవాడు జల్లెడ కరిచినవాడే.

అక్టోబర్ 9. ఉదయం 9

వదిన ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే చెప్పేశాను, లోపలికి వెళ్తే బూరుసోకులు పెడుతుంది, తిన్నాక చెప్పలేను. వదినా, నేను ఎక్కను, ఎక్కితే పడతానని కాదు, పడితే లేవనేమోనని అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. తిత్తి, కుమిస్, మెట్లు. తలవంచుకుని చెప్పాను, నాకు అలవాటు లేని పని.

వదిన పిండి చేతులు తుడుచుకుంది. ఈ ఆశ్‌కే నా గొర్రెలన్నీ అయిపోయాయి తమ్ముడూ, వచ్చే ఏడు నీకొకటి పెట్టమంటే ఎక్కణ్ణుంచి తేను అంది. ఆ తర్వాత నా నెత్తిమీద చెయ్యి పెట్టింది, దెబ్బ తగిలిన వైపే, చాలా మెల్లగా. మరి కాష్కా అన్నాను. నడిపించుకుని రా, జీను ఖాళీగానే ఉండనీ, ఉన్నమాట అదే కదా అంది.

లోపలికి పిలిచింది. తొమ్మిది బూరుసోకులు తిన్నాను.

అక్టోబర్ 12, శనివారం. సాయంత్రం 7

తల బాగానే ఉంది. వరసగా రాస్తాను.

పొద్దున కాష్కాని నడిపించుకుంటూ మైదానం చుట్టూ తిరిగాను, జీను ఖాళీ. పెద్దవాళ్లు టోపీలు తీశారు. వదిన గుడారం ముందు నిలబడి ఆ తెల్లమచ్చనే చూసింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటారని ముప్పై జవాబులు సిద్ధం చేసుకున్నాను, అన్నీ దండగ.

ఆటకి మైకు నాకిచ్చారు. ఇవ్వకపోతే లాక్కునేవాణ్ణి. జనం నవ్వుతూనే ఉన్నారు. ఆట సగం దాటాక కుబాత్ మేక కోసం వంగాడు, ఎదుటివాడి గుర్రం ఛాతీ వాడి తలకి తగిలింది. హెల్మెట్ ఉంది. పడ్డాడు. పడ్డంత వేగంగా లేచాడు, చెయ్యి ఊపాడు, మూడు ఊళ్లూ అరిచాయి. గుర్రం ఎక్కాడు. ఎక్కి మన గోలు వైపే బయల్దేరాడు. జనానికి అదొక కొత్త ఎత్తులా కనిపించింది. నాకు కుబాత్ మొహం కనిపించింది. ఆ మొహం నేను అద్దంలో చూసింది కాదు, లోపల ఉండి చూసింది.

ఆట ఆపండి అని మైకులో చెప్పాను. నవ్వారు. ఆపండి, వాడికి తల తగిలింది అన్నాను. ఇంకా నవ్వారు. అంపైరు నాకేసి వేలు ఊపాడు. తప్పు వాళ్లది కాదు. మూడేళ్ల క్రితం ఇదే మైకులో తోడేళ్లొచ్చాయని అరిచి సగం జనాన్ని లారీల కింద దూర్చింది నేనే.

ఇంకా చెప్పి లాభం లేదు. కాష్కా కళ్లెం పట్టుకుని, మైకు చేత్తోనే మైదానంలోకి నడిచాను. గుర్రాలు పక్క నుంచి పోతున్నాయి. కాష్కా నాకు అడ్డుగోడలా నడిచింది, అన్నకి కూడా అలాగే నడిచేదట. వెళ్లి కుబాత్ గుర్రం కళ్లెం పట్టుకున్నాను. కుబాత్, ఇవాళ ఏ వారం అని అడిగాను. జనం మళ్లీ నవ్వారు. వాడూ నవ్వాడు. ఏం ప్రశ్నలు బావా, వదులు అన్నాడు. ఇవాళ ఎవరి ఆశ్ అన్నాను.

వాడు కాష్కాని చూశాడు, ఖాళీ జీను చూశాడు. అదేంటి బావా, జుమాదిల్ అన్న ఇంకా ఎక్కలేదేం, ఆట అయిపోవస్తోంది, ఎక్కడున్నాడు, పిలువు అన్నాడు.

మైకు వాడి నోటి దగ్గరే ఉంది.

నవ్వులు ఆగాయి. ఆ తర్వాత వదిన గొంతు వినిపించింది, దింపండి వాణ్ణి అని. అంపైరే పరుగున వచ్చి వాడి కాలు రికాబులోంచి తీశాడు. సైకాల్ టార్చి తీసుకుని వచ్చేసింది. బత్మా ముసలమ్మ కూడా వచ్చింది, జల్లెడ తీసుకుని. అనార్‌కుల్ ఆ జల్లెడ లాక్కుని దాని మీద కూర్చుంది. కుబాత్‌ని పట్నం తీసుకెళ్లేదాకా లేవలేదు.

ఒక మనిషి తక్కువై ఓడిపోయాం. విందులో వదిన ఉడికించిన గొర్రె తల పళ్లెంలో పెట్టి అందర్నీ దాటుకుంటూ వచ్చి నా ముందు పెట్టింది. పెద్దవాళ్లకి పెట్టాలి వదినా అన్నాను. ఈ ఊళ్లో తల విలువ నీకు తెలిసినంత ఎవరికి తెలుసు, తిను అంది. అందరూ నవ్వారు. ఒక చెవి కోసి సైకాల్‌కి ఇచ్చాను.

అక్టోబర్ 14

కుబాత్ ఇంటికొచ్చాడు. రక్తం లేదు. కిటికీకి దుప్పటి, మా ఇంటిదే, నేనే పట్టుకెళ్లాను. శనివారం వాడికి లేదు. పొద్దున గుర్రానికి నీళ్లు పెట్టడం గుర్తుందట, తర్వాత ఆసుపత్రి లైటు.

గేటు దగ్గర అప్పటికే ముగ్గురు కాచుకుని ఉన్నారు. పోస్టాఫీసు ఆవిడ బ్రష్షుతో. వాళ్లని పంపించేశాను. పంపించడానికి నాకెంత కష్టమైందో ఎవరికీ తెలియదు. నా నాలుక మీద ఇరవై ఉన్నాయి. నీ గుర్రప్పిల్లని నాకిచ్చేశావు, మూడు ఊళ్ల ముందు మైకులో చెప్పావు. ఎంత తేలిక!

వాడి పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. కొత్త నోటుబుక్కు కొని మొదటి పేజీలో నేనే రాసిపెట్టాను, అన్న గురించి వాడు అడిగిన మాటతో సహా. తర్వాత రోజూ నువ్వు రాయాలి, మెట్లు ఎక్కాలి, నొప్పొస్తే దిగాలి అన్నాను. ఇదే నిజం, ఎవడేం చెప్పినా నమ్మకు, నన్ను తప్ప అన్నాను.

అదే కదా కష్టం బావా అన్నాడు.

లేచి వస్తుంటే కళ్లు మూసుకునే అన్నాడు, పొట్టేలు సంగతి మాత్రం నిజం బావా అని. నీకు తల బాగాలేదు, పడుకో అన్నాను.

అక్టోబర్ 18

కాష్కా మీద దౌడు. కాలవ చివరిదాకా, తిరిగి ఇంటిదాకా. హెల్మెట్ పెట్టుకున్నాను. సాయంత్రానికి చెవుల వెనక ఏమీ లేదు. మళ్లీ చూసుకున్నాను. ఏమీ లేదు.

అక్టోబర్ 21. తెల్లవారుతుండగా

గుర్తొచ్చింది. వెల్లకిలా ఉన్నాను. ఆకాశం, దాని మధ్యలో కుబాత్ మొహం, వాడి చెమట నా ముక్కు మీద పడింది. నేనే అన్నాను. పొట్టేల్ని తీసుకుపోరా, మా ఇంట్లో బుర్ర ఉన్నది దానికే, హెల్మెట్ పెట్టుకుంది అని.

పొట్టేల్ని కుబాత్ గేటుకి కట్టి వచ్చాను. హెల్మెట్ కూడా దాని తలకే పెట్టాను.